శేషారత్నం పేరు మీద

కమలాకర్‌కి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు.

జ్వరం కాదు, అజీర్తి కాదు. క్యారియరు మూత తీయడం, రెండు ముద్దలు కెలకడం, మళ్ళీ మూత పెట్టేయడం. పోనీ ఏమైనా తప్పు చేశాడా అంటే, వాడి లెక్కలో ఏమీ లేదు. నలుగురిలో నిజం చెప్పాడు. నిజం చెప్పినవాడికి ముద్ద దిగకపోవడమేమిటో వాడికి అంతుపట్టలేదు.

కంటి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్న జకరయ్య మాస్టారు ఆ సోమవారం పనిలోకి వచ్చారు. కమలాకర్ ఆయన కోసమే కాచుకుని ఉన్నాడు.

మా పాల డెయిరీలో కంప్యూటర్ల సెక్షనంటే ఈ ఇద్దరే. జకరయ్య మాస్టారు పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు గానీ అందరూ మాస్టారనే పిలుస్తారు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. మాట మహా పొదుపు. మీరొక ప్రశ్న అడిగితే ఆయన ఒక పని చేసి చూపిస్తారు. అర్థమైతే మీ అదృష్టం, కాకపోతే రేపు రావచ్చు.

కమలాకర్ ఆయన శిష్యుడు. తెలివైన కుర్రాడే, నేను కాదనను. కాకపోతే తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. కంప్యూటర్ పని చేసేవాళ్ళలో ఈ జబ్బు కాస్త ఎక్కువని ప్యాకింగ్ సెక్షన్లో మేమంతా అనుకునేవాళ్ళం.

"మాస్టారూ, ఒక సందేహమండీ," అన్నాడు.

మాస్టారు నల్లకళ్ళద్దాలు సర్దుకుని, కుర్చీ చూపించారు.

"నిజం చెప్పినవాడు కూడా బాధపడాలా?"

"ఏం నిజం చెప్పావు?"

కమలాకర్ మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. వాడు చెప్పింది, మాకు తెలిసింది కలిపి నేను చెబుతాను.

మా డెయిరీలో ఇదివరకు ఎక్కడి పాస్‌వర్డు అక్కడే. పాలు తూచే కాంటా దగ్గర ఒకటి, పరీక్ష గదిలో ఒకటి, హాజరుకి ఇంకొకటి. గుర్తుండక జనం అరచేతుల మీద రాసుకునేవాళ్ళు. పాలచేతులు కడుక్కోగానే అవి కాస్తా పోయేవి. ఈ బాధ పడలేక, అన్నిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టాలని పైవాళ్ళు నిర్ణయించారు.

దానికో ఏర్పాటుంది. ఆఫీసు సర్వర్లో ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులో డెయిరీ మనుషులందరి పేర్లూ, పాస్‌వర్డులూ ఉంటాయి. మిగతా ప్రోగ్రాములన్నిటినీ తీసుకెళ్ళి దానికి కలపాలి. కలిపాక ఎవరైనా తమ పేరు కొట్టగానే, ప్రోగ్రాము ఆ డైరెక్టరీ దగ్గరికి పోయి "ఈ మనిషి నిజంగా ఆ మనిషేనా?" అని అడుగుతుంది. అది అవునంటే తలుపు తీస్తుంది. అంతకు మించి అందులో బ్రహ్మవిద్యేం లేదు.

సెలవు మీద వెళ్తూ మాస్టారు ఆ పని కమలాకర్‌కి అప్పగించారు. వాడు ఉత్సాహంగా మొదట పరీక్ష గదితోనే మొదలెట్టాడు. సర్వరు ఎక్కడుందో, దాంతో ఏ దారిన మాట్లాడాలో, అందులో మనవాళ్ళ పేర్లు ఏ కొమ్మన ఉన్నాయో అన్నీ ఒక్కొక్క గడిలో నింపాడు. కనెక్షన్ సరిచూసే బటన్ నొక్కితే పచ్చగా వెలిగింది. తన పేరూ పాస్‌వర్డూ కొట్టాడు, తెరుచుకుంది. కావాలని తప్పు పాస్‌వర్డు కొట్టాడు, పొమ్మంది. ఇంకేం కావాలి? మాస్టారికి ఫోన్ చేశాడు.

"అయిపోయిందండీ. రావలసినవాళ్ళు లోపలికి వస్తున్నారు. రాకూడనివాళ్ళు రావడం లేదు."

కంటికి కట్టుతో పడుకుని ఉన్న మాస్టారు "ఊఁ" అన్నారు.

అక్కడిదాకా అంతా బాగానే ఉంది. ఇక శేషారత్నం గారి సంగతి.

శేషారత్నం గారు పరీక్ష గదికి పెద్ద. అందరూ రత్నమ్మగారంటారు. ఊళ్ళనుంచి వచ్చిన శాంపిల్ సీసాల్లో పాలకు ఫ్యాటెంతో, అంటే వెన్న ఎంత శాతముందో చూసి, ఆ అంకె కంప్యూటర్‌కి ఎక్కించడం ఆమె పని. రైతుకి గిట్టుబాటయ్యేదీ కానిదీ ఆ అంకె మీదే. అందుకే ఆ గది చుట్టూ ఎప్పుడూ ఏవో మంతనాలు నడుస్తుండేవి. రత్నమ్మగారి దగ్గర మాత్రం ఎవరి పప్పులూ ఉడికేవి కావు. "రత్నమ్మ చూసిందా? అయితే సరే," అని రైతులే తగువు ఆపేసేవాళ్ళు. ఒక మనిషికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. ఆవిడకు ఉన్న ఆస్తల్లా ఆ మాటే.

అలాంటిది, ఉన్నట్టుండి వేములగుంట పాలకు ఫ్యాటు పెరగడం మొదలైంది. వేములగుంట రత్నమ్మగారి పుట్టినూరు.

పక్క ఊళ్ళవాళ్ళు ఊరుకుంటారా? "మా గేదెలేం పాపం చేశాయి? వేములగుంట గేదెలకు బాదంపప్పు పెడుతున్నారా?" అంటూ పాల క్యాన్లు గేటు ముందు దించి బైఠాయించారు. మేనేజరు గారు కమలాకర్ చేత కంప్యూటర్లో వివరాలు తీయించారు. పొద్దున శాంపిల్ చూడగానే పడిన అంకె ఒకటి. మధ్యాహ్నం దాన్ని దిద్ది పెట్టిన అంకె ఇంకొకటి. దిద్దినవాళ్ళ పేరు పక్కనే ఉంది. అన్నిచోట్లా ఒకటే పేరు, శేషారత్నం.

మేనేజరు గదిలో విచారణ పెట్టారు.

"నేను దిద్దలేదండీ," అందామె. "ఒకసారి పడిన అంకెను నేను మళ్ళీ ముట్టుకోను."

"మీ పేరుంది కదమ్మా."

"ఉందండీ. ఎలా వచ్చిందో నాకూ తెలియడం లేదు."

"మీ పాస్‌వర్డు ఎవరికైనా చెప్పారా? గుర్తు తెచ్చుకోండి. పనిలో హడావుడిగా ఉండి, ఎవరికైనా..."

మేనేజరు గారు పాపం ఆమెకు దారి చూపించారనే నేననుకుంటాను. ఒక్క అబద్ధమాడి ఉంటే గట్టెక్కేది. డెయిరీలో సగంమంది పాస్‌వర్డులు సగంమందికి తెలుసు. రత్నమ్మగారు తలెత్తి, "మా ఆయనక్కూడా చెప్పలేదండీ," అంది.

అప్పుడు కమలాకర్‌ని పిలిపించారు.

"ఏమయ్యా, పాస్‌వర్డు తెలియకుండా ఈమె పేరుతో ఇంకొకరు లోపలికి పోయే వీలుందా?"

"అసాధ్యం సార్."

"ఏ కొంచెం వీలూ లేదా?"

"అసాధ్యమంటే అసాధ్యమే సార్. నేను స్వయంగా పరీక్షించి చూశాను."

రత్నమ్మగారు వాడి వైపు తిరిగింది. "కమలాకర్ బాబూ..." అని ఆగింది. తనను ఏదైనా అడుగుతాడేమోనని చూసినట్టుంది. వాడు మేనేజరు గారి వైపే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాటినుంచి ఆమెను రావద్దన్నారు. ఆమె తన కాఫీ గ్లాసూ, కళ్ళజోడూ సంచిలో వేసుకుని బయటికి వచ్చింది. గేటు దగ్గర రైతులు పక్కకు జరిగి దారి ఇచ్చారు. రోజూ "అమ్మా, మా పాలు ఎలా ఉన్నాయి?" అని వెంటపడేవాళ్ళలో ఒక్కడూ పలకరించలేదు. తల వంచుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

"ఇదండీ నేను చెప్పిన నిజం," అన్నాడు కమలాకర్ మాస్టారితో. "కంప్యూటర్లో ఉన్నదే చెప్పాను. ఒక్క ముక్క కల్పించలేదు. అయినా అందరూ నన్నేదో హంతకుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. క్యాంటీన్‌లో నేను కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోతున్నారు. నేను చేసిన తప్పేంటండీ?"

మాస్టారు "కంప్యూటర్లో నీ పేరు ఎలా ఉంటుంది?" అని అడిగారు.

"నా పేరాండీ? ఎందుకండీ?"

"చెప్పు."

కమలాకర్ చెప్పాడు. మాస్టారు లేచి, "పద," అన్నారు.

ఇద్దరూ పరీక్ష గదికి వెళ్ళారు. ఆ పూట శాంపిళ్ళు అయిపోయాయి. కడిగిన సీసాలు బోర్లించి ఉన్నాయి. రత్నమ్మగారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు, కొత్తగా వచ్చినామె కూడా స్టూలు తెచ్చుకుంది. మాస్టారు వెళ్ళి అందులోనే కూర్చున్నారు.

"నువ్వు బయటికెళ్ళి తలుపు వేసి నిలబడు," అన్నారు.

కమలాకర్ వరండాలో నిలబడ్డాడు. తలుపుకున్న అద్దంలోంచి మాస్టారి వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఇదేం చోద్యమని వాడు గొణుక్కున్నాడు. కాసేపటికి లోపలినుంచి "రా" అని పిలుపొచ్చింది.

లోపలికి వెళ్ళి చూస్తే, స్క్రీన్ మీద పైన వాడి పేరుంది. కింద ఆ పొద్దుటి శాంపిళ్ళన్నీ వరసగా ఉన్నాయి. చివరి శాంపిల్‌కి ఫ్యాటు పన్నెండు శాతమని ఉంది.

"పన్నెండేంటండీ!" అన్నాడు కమలాకర్ కంగారుగా. "గేదె పాలకి ఏడో ఎనిమిదో ఉంటుంది గానీ పన్నెండుంటుందా? ఎవరు దిద్దారిది?"

మాస్టారు వేలితో అంకె పక్కన చూపించారు. దిద్దినది కమలాకరని ఉంది.

"నేను కాదండీ!"

"నీ పేరుంది."

"ఉంటే? నేను బయట నిలబడ్డాను కదండీ, మీరే పంపించారు. నేను దీన్ని ముట్టుకోనే లేదు మాస్టారూ!"

"నీ పేరుంది కదయ్యా."

"అయ్యో, నేను కాదంటున్నాను కదండీ. నా పాస్‌వర్డు మీకెలా తెలిసింది?"

"తెలియదు."

"తెలియకుండా ఎలా వెళ్తారు లోపలికి?"

"అసాధ్యం," అన్నారు మాస్టారు.

కమలాకర్ స్క్రీన్ మీదికి వంగాడు.

మాస్టారు ఆ పన్నెండును చెరిపి, అసలు అంకె పెట్టి, ప్రోగ్రాములోంచి బయటికి వచ్చారు. మళ్ళీ వాడి పేరు కొట్టారు. కింద పాస్‌వర్డు అడిగే గడి వచ్చింది. ఆయన రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కమలాకర్‌కి చూసే వ్యవధి ఇచ్చి, ఒక్క వేలు చాచి ఎంటర్ నొక్కారు. ప్రోగ్రాము తెరుచుకుంది.

కమలాకర్‌కి విషయం తెలిసిపోయింది. చదువుకున్నవాడే కదా. డైరెక్టరీల్లో పాతకాలం నాటి మర్యాద ఒకటుంది. పేరు చెప్పి తప్పు పాస్‌వర్డు ఇస్తే పొమ్మంటుంది. పేరు చెప్పి పాస్‌వర్డు అసలే ఇవ్వకపోతే మాత్రం, ఈ మనిషి తానెవరో రుజువు చేసుకోవడానికి రాలేదు, ఊరికే పలకరించి పోదామని వచ్చాడు అనుకుని "సరే" అంటుంది. ఆ సరేకి లోపలికి రానిమ్మని అర్థం కాదు. మా పరీక్ష గది ప్రోగ్రాముకి ఆ తేడా తెలియదు. డైరెక్టరీ సరే అంది కాబట్టి ఈమె శేషారత్నమే అనుకుని తలుపు బార్లా తీసేసింది.

ఇలాంటిది జరక్కుండా, ఖాళీ పాస్‌వర్డుతో వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపడానికి సెట్టింగుల్లో ఒక చిన్న గడి ఉంది. దానికి టిక్కు పెట్టాలి, అంతే. ఆ రోజు కమలాకర్ దాన్ని చూశాడు కూడా. ఇదెందుకులే అని వదిలేశాడు. పచ్చలైటు వెలిగింది కదా మరి.

వాడు మౌసు పట్టుకున్నాడు. టిక్కు పెట్టడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. మళ్ళీ ఖాళీగా ఎంటర్ నొక్కి చూశాడు. ఈసారి పొమ్మంది.

"సరిచేశానండీ," అన్నాడు.

"ఏది?" అన్నారు మాస్టారు.

కమలాకర్ చూపు మాస్టారు కూర్చున్న రత్నమ్మగారి కుర్చీ మీద పడింది.

ఆ తర్వాత వాడు చేయవలసిందంతా చేశాడు, ఆ మాట చెప్పుకోవాలి. తిన్నగా మేనేజరు గారి దగ్గరికి పోయి, "తప్పు నాది సార్, నేను అసాధ్యమన్నది నా ఎదురుగానే సాధ్యమైంది," అన్నాడు. ఆయన మొదట తిట్టారు, తర్వాత తల పట్టుకున్నారు. ఆరా తీస్తే దొంగ కూడా దొరికాడు. కాంటా దగ్గర పాలు తూచేవాడు. ఒకరోజు రత్నమ్మగారు సీసాలు కడగడానికి వెళ్ళినప్పుడు, పరీక్ష గదిలో ఆమె పేరు కొట్టి ఉన్న స్క్రీన్ మీద ఏదో చూడబోయి, పొరపాటున ఖాళీగా ఎంటర్ నొక్కితే తెరుచుకుందట. వాడి అత్తగారి ఊరు వేములగుంట. ఇక చెప్పేదేముంది.

డెయిరీ అంతా తెలిసిపోయింది. గేటు దగ్గర కూర్చున్న రైతులకూ తెలిసింది. "మేం ముందే అనుకున్నాం, రత్నమ్మ అలాంటిది కాదని," అని వాళ్ళే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందే అనుకున్నవాళ్ళు ముందే నోరు విప్పొచ్చుగా!

మేనేజరు గారు ఆమెకు కబురు పంపారు, వచ్చి చేరమని. రాలేదు. మళ్ళీ పంపారు, జరిగిందానికి విచారిస్తున్నామని రాసి మరీ. దానికీ జవాబు లేదు.

"నేను వెళ్తానండీ," అన్నాడు కమలాకర్ మాస్టారితో. "వెళ్ళి అంతా విడమరిచి చెబుతాను. ఎలా జరిగిందో తెలిస్తే ఆవిడే వస్తుంది."

"చెప్పడానికైతే వెళ్ళకు," అన్నారు మాస్టారు.

వాడికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాకుండానే వెళ్ళాడు.

రత్నమ్మగారు గుమ్మంలో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. వాడిని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. "కూర్చో బాబూ," అని చాప చూపించింది. కమలాకర్ కూర్చుని గడగడా చెప్పడం మొదలుపెట్టాడు. డైరెక్టరీ అంటే ఏమిటో చెప్పాడు. ఖాళీ పాస్‌వర్డు సంగతి చెప్పాడు. తను టిక్కు పెట్టని గడి సంగతీ చెప్పాడు. కాంటావాడు ఎలా దొరికాడో చెప్పాడు. ఆమె గింజలు తీస్తూనే అంతా విన్నది. పిల్లవాడు అప్పజెబుతున్న ఎక్కాలు వింటున్నట్టుంది ఆమె ముఖం.

"తప్పంతా నాదే అక్కా," అన్నాడు చివరికి. "నన్ను తిట్టండి, కొట్టండి. రేపొచ్చి చేరండి. మీ కుర్చీ అలాగే ఉంది."

"రాను బాబూ."

"ఎందుకక్కా? మీరు కాదని అందరికీ తెలిసిపోయింది."

"ఇప్పుడు తెలిసింది లే. దొంగ దొరికాక దొర ఎవరో ఎవరికైనా తెలుస్తుంది."

ఆమె చేతికంటిన చింతపండు పీట అంచుకి తుడిచింది.

"నాకొక తమ్ముడున్నాడు వేములగుంటలో. ఒకప్పుడు వాడి పాలల్లో నీళ్ళున్నాయని నలుగురిలో నేనే వెనక్కి పంపాను. తలకొట్టేసినట్టయింది వాడికి. అప్పట్నుంచి మా గడప తొక్కలేదు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి రమ్మని నేనే వెళ్ళి పిలిచినా రాలేదు. మీరు నన్ను పంపేసిన రోజు సాయంత్రం వచ్చాడు. చెప్పులైనా విప్పలేదు. ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడి, 'చేశావా అక్కా?' అన్నాడు. 'లేదురా' అన్నాను. 'సరే, అన్నం తిన్నావా?' అని లోపలికొచ్చి కూర్చున్నాడు."

కమలాకర్ తల వంచుకున్నాడు.

"వాడికి నేనంటే కోపం. అయినా వచ్చి అడిగాడు. నువ్వు రోజూ నా గదిలోకి వచ్చి, 'అక్కా, కాఫీ' అనేవాడివి. ఏవేవో తీసి చూశావట, ఎక్కడెక్కడో వెతికావట. నన్నొక్క మాట అడిగావా నువ్వు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు అటు తిరిగింది. కమలాకర్ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు వాడికి.

"అడిగితే మాత్రం ఏం చెప్పేదాన్ని," అంది మళ్ళీ తనే. "లేదనే చెప్పేదాన్ని. నువ్వు నమ్మేవాడివి కాదేమో. నమ్మకపోతే పోనీ. అడిగాడులే అని ఉండేది నాకు."

వాడేదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి లోపలికి వెళ్ళింది. గ్లాసుతో మజ్జిగ తెచ్చి వాడి ముందు పెట్టింది.

"ఎండన పడి వచ్చావు. తాగి వెళ్ళు."

తాగకపోతే ఆమె మనసు కష్టపడుతుంది. తాగుదామంటే గొంతు దిగదు. ఎలాగో తాగి, దండం పెట్టి లేచాడు. ఆమె మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది. వాడు వీధి మలుపు తిరిగేదాకా తలెత్తలేదు.

కమలాకర్ డెయిరీకి వచ్చేసరికి అందరూ ఇళ్ళకు పోతున్నారు. మాస్టారు మాత్రం కదలకుండా తన కుర్చీలోనే ఉన్నారు.

"వస్తానందా?"

"లేదండీ."

"ఏమంది?"

"నన్నొక్క మాట అడిగావా అందండీ."

మాస్టారు నల్లకళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆపరేషన్ చేసిన కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. ఆయన ఏదైనా అంటారని, కనీసం గట్టిగా తిడతారని కమలాకర్ ఎదురుచూశాడు. తిడితే బావుండుననిపించింది.

"సర్వర్‌ని ఎలా అడగాలో నీకు నేనే నేర్పాను," అన్నారు మాస్టారు.

నల్లకళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని లేచారు.

"అదొక్కటే నేర్పాను."